డ్రైవర్ కోడ్ మారితే దాని కాగితమూ మారాలి: ఈ పని మనం చెయ్యగలం



ఈ గ్రూపులో మనం ఎక్కువగా నోటిఫికేషన్లు, హాస్టల్ సమస్యలు, స్కాలర్‌షిప్పులు, భూముల సంగతులు మాట్లాడుకుంటాం. ఈసారి కొంచెం వేరే సంగతి రాస్తున్నాం. బీటెక్, డిప్లొమా, బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చివరిదాకా చదవండి. మిగతావాళ్ళు కూడా చదవండి. ఇందులో ఉన్న అసలు విషయం కంప్యూటర్ వాళ్ళ ఒక్కళ్ళదే కాదు.

మేం ముగ్గురం. ఒకరిది చింతూరు వైపు, ఒకరిది పాడేరు వైపు, ఒకరిది ఉట్నూరు వైపు. గురుకులాల్లో చదువుకుని ఇంజనీరింగ్‌కి వచ్చి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒకే గదిలో ఉంటున్నాం. రెండేళ్ళుగా రాత్రిళ్ళు, ఆదివారాలు కూర్చుని లినక్స్ కెర్నల్‌లో ఒక పని చేస్తున్నాం. కొత్త కోడ్ రాసే పని కాదు. డ్రైవర్ల గురించి రాసిన డాక్యుమెంటేషన్, ఆ డ్రైవర్ల అసలు కోడ్‌తో సరిపోతుందా లేదా చూసి, తేడా ఉంటే సరిచేసే పని. ఆ డాక్యుమెంటేషన్‌ని మేం మాలో మేం "కాగితం" అంటాం. ఇక్కడ కూడా అలాగే రాస్తాం.

తెలియనివాళ్ళ కోసం ముందు రెండు మాటలు. మన చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల నడిచేది లినక్స్ కెర్నలే. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఫిన్లాండ్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడు దాన్ని మొదలుపెట్టాడు. హార్డ్‌వేర్‌కీ, మనం వాడే యాప్‌లకీ మధ్య నిలబడి పని నడిపించేది కెర్నల్. అందులో ఒక్కో పరికరంతో మాట్లాడటం తెలిసిన భాగమే డ్రైవర్. టచ్‌స్క్రీన్‌కి ఒకటి, వైఫైకి ఒకటి, కెమెరాకి ఒకటి, వేడి కొలిచే చిప్‌కి ఒకటి. కెర్నల్ సోర్స్‌లో సగానికి పైగా డ్రైవర్లే ఉంటాయి. సుమారు 9, 10 వారాలకోసారి కొత్త వెర్షన్ వస్తుంది. ఒక్కో వెర్షన్‌లో పదివేలకు పైగా మార్పులు చేరతాయి. ఇంత వేగంగా కోడ్ మారుతుంటే దాని గురించి రాసిన కాగితం వెనకబడిపోవడంలో ఆశ్చర్యం లేదు.

వెనకబడితే ఏమవుతుంది? మాకు జరిగింది చెప్తాం.

మేం మూడో సంవత్సరంలో ఉన్నప్పుడు ల్యాబ్‌లో ఒక చిన్న బోర్డు ఇచ్చి, దాని మీద ఎల్‌ఈడీ వెలిగించి ఆర్పే ప్రాజెక్ట్ చెయ్యమన్నారు. చేతికి ఒక జిరాక్స్ మాన్యువల్ ఇచ్చారు. అందులో ఉన్న పద్ధతి: సిస్ఎఫ్ఎస్ కింద జీపీఐఓ అనే ఫోల్డర్‌కి వెళ్ళి, ఎక్స్‌పోర్ట్ అనే ఫైల్‌లో పిన్ నంబర్ రాయాలి. మా బోర్డులో ఆ ఫోల్డరే లేదు. పక్క గదిలో ఉండే అబ్బాయికి వాళ్ళ అన్న బెంగళూరులో ఇదే రంగంలో ఉన్నాడు. ఫోన్ చేసి అడిగాడు, ఆ సాయంత్రానికే ఎల్‌ఈడీ వెలిగింది. మాకు అలా అడగడానికి ఎవరున్నారు? మా ఇళ్ళల్లో కంప్యూటర్ ముట్టుకున్న మొదటి తరం మేమే. మూడు వారాలు పట్టింది మాకు.

చివరికి జవాబు కెర్నల్ సోర్స్‌లోనే దొరికింది. అందులో ఏబీఐ అనే ఫోల్డర్ ఉంది. కెర్నల్ బయటి ప్రోగ్రాములకు చూపించే ఫైళ్ళ గురించి అక్కడ రాసి ఉంటుంది. దాని కింద నాలుగు అరలు: స్టేబుల్, టెస్టింగ్, అబ్సొలీట్, రిమూవ్డ్. అంటే స్థిరమైనవి, పరీక్షలో ఉన్నవి, కాలం చెల్లినవి, తీసేసినవి. మా మాన్యువల్‌లో ఉన్న పాత జీపీఐఓ పద్ధతి "కాలం చెల్లినవి" అరలో ఉంది. 2016లో వచ్చిన 4.8 వెర్షన్ నుంచే దాని స్థానంలో కొత్త పద్ధతి ఉంది. కెర్నల్ వాళ్ళు తమ కాగితం సరిచేసి పెట్టారు, మా చేతికి వచ్చిన మాన్యువల్‌ని ఎవరూ సరిచెయ్యలేదు.

అప్పుడే మాకు ఒక సంగతి బాగా అర్థమైంది. కాగితం తప్పుగా ఉంటే అందరికీ ఒకేలా నష్టం జరగదు. అడగడానికి అన్న ఉన్నోడికి పది నిమిషాల నష్టం. ఎవరూ లేనోడికి మూడు వారాలు, కొందరికి ఆ సబ్జెక్టే పోతుంది. "నాకు ఇది రాదు" అనుకుని వదిలేస్తారు. వాళ్ళకు రాకపోవడం కాదు, వాళ్ళకు ఇచ్చిన కాగితంలో ఉన్నది నిజం కాదు. ఈ మాట ప్రతి హాస్టల్ పిల్లాడికీ చెప్పాలనిపిస్తుంది.

మన వాళ్ళకు ఇది కొత్త అనుభవం కూడా కాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చాక, అందులో రాసిన ఎకరాలు, మన నాన్న దున్నుతున్న ఎకరాలు ఒకటి కాకపోతే ఎన్నిసార్లు ఆఫీసు చుట్టూ తిరగాలో మనకు తెలుసు. కాగితానికీ నేలకీ తేడా ఉంటే తిరగాల్సింది కాగితం రాసినోడు కాదు.

ఇప్పుడు అసలు పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చెప్తాం. ఎల్ఎమ్75 అని వేడి కొలిచే చిన్న చిప్ ఉంది. అదే పద్ధతిలో పనిచేసే చిప్‌లను చాలా కంపెనీలు చేస్తాయి: టీఎంపీ75, డీఎస్75, ఏడీటీ75, ఇలా. వీటన్నిటికీ కెర్నల్‌లో ఒకే డ్రైవర్. దానికి కొత్త చిప్ ఒకటి చేర్చాలంటే ఆ పేరు నాలుగు చోట్ల రావాలి. ఒకటి, డ్రైవర్ కోడ్‌లో ఉన్న పట్టిక. రెండు, హెచ్‌డబ్ల్యుమాన్ డాక్యుమెంటేషన్‌లో ఎల్ఎమ్75 పేరుతో ఉన్న కాగితం. మూడు, కెర్నల్ బిల్డ్ చేసేటప్పుడు కనిపించే కేకాన్ఫిగ్ సహాయం. నాలుగు, డివైస్‌ట్రీ బైండింగ్. బోర్డు మీద ఏ చిప్ ఎక్కడ ఉందో కెర్నల్‌కి చెప్పే పట్టికను డివైస్‌ట్రీ అంటారు. ఆ పట్టిక ఎలా రాయాలో చెప్పే నియమాలే బైండింగ్.

నాలుగింటిలో ఒక్క చోట మర్చిపోయినా కోడ్ మాత్రం ఆగకుండా నడుస్తుంది. అదే ఇబ్బంది. కోడ్‌లో తప్పుంటే మెషీన్ ఆగి గోల చేస్తుంది, కాగితంలో తప్పుంటే ఏ చప్పుడూ ఉండదు. ఆ చిప్ కొన్నవాడు కాగితం చూసి "లినక్స్‌లో ఇది పనిచెయ్యదు" అనుకుని పక్కన పెట్టేస్తాడు.

ఇదే డ్రైవర్‌లో ఇంకో సంగతి. ఎల్ఎమ్75 కాగితం చిప్ గురించి చెప్పేటప్పుడు డిగ్రీల సెల్సియస్‌లో మాట్లాడుతుంది, మైనస్ 55 నుంచి 125 దాకా అని. మరి బోర్డులో టెంప్1_ఇన్‌పుట్ అనే ఫైల్ తెరిస్తే 31500 కనిపిస్తుంది. కొత్తగా చూసినవాళ్ళు చిప్ కాలిపోయిందనుకుంటారు. హెచ్‌డబ్ల్యుమాన్ డ్రైవర్లన్నిటికీ కలిపి రాసిన ఇంకో కాగితం ఉంది. అందులో వేడి మిల్లీ డిగ్రీల్లో, వోల్టేజి మిల్లీ వోల్టుల్లో, పవర్ మైక్రో వాట్లలో ఇవ్వాలని నియమం. అంటే 31500 అంటే 31.5 డిగ్రీలు. రెండు కాగితాల్లోనూ తప్పు లేదు. ఒకటి చిప్ గురించి, ఇంకోటి ఫైల్ గురించి చెప్తుంది. రెండోది ఉందని తెలియనివాడికి మాత్రం మొదటిది అబద్ధంలా కనిపిస్తుంది. అందుకే ఏ తేడా కనిపించినా వెంటనే దిద్దడానికి పోకూడదు. ముందు ఎవరి మాట దేని గురించో తెలుసుకోవాలి.

కెర్నల్ వాళ్ళు ఈ సమస్యకి కొన్ని మంచి పద్ధతులు పెట్టుకున్నారు. మొదటిది, కోడ్, కాగితం రెండూ ఒకే సోర్స్‌లో ఉంటాయి. కోడ్ మార్చినవాడు అదే ప్యాచ్‌ల వరుసలో కాగితం కూడా మార్చి పంపొచ్చు. పంపే ముందు చూసుకోవాల్సిన జాబితాలోనే ఉంది: బయటికి కనిపించే కొత్త ఫైల్ పెడితే ఏబీఐలో రాయాలి, కొత్త బూట్ పారామీటర్ పెడితే దాని కాగితంలో రాయాలి అని. డివైస్‌ట్రీ విషయంలో ఇంకా గట్టి పద్ధతి. వరుసలో బైండింగ్ కాగితం ముందు రావాలి, దాన్ని అమలు చేసే డ్రైవర్ కోడ్ తర్వాత రావాలి.

రెండోది, కొన్ని కాగితాలను మెషీనే తనిఖీ చేసేలా రాస్తారు. బైండింగ్‌లు ఒకప్పుడు మామూలు టెక్స్ట్ ఫైళ్ళు. ఇప్పుడు కొత్తగా రాసేవన్నీ యామల్ రూపంలో ఉంటాయి. ఒక్క కమాండ్ కొడితే ఆ నియమాలు సరిగ్గా రాశారా, అందులో ఇచ్చిన ఉదాహరణ వాటికి సరిపోతుందా అని తేలిపోతుంది. ఇంకో కమాండ్‌తో అసలు బోర్డుల పట్టికలన్నీ ఆ నియమాల ప్రకారం ఉన్నాయో లేదో చూడొచ్చు. డ్రైవర్ కోడ్‌లో ఫంక్షన్ల పైన రాసే కెర్నల్‌డాక్ వ్యాఖ్యలకూ తనిఖీ ఉంది. డబ్ల్యు=1 అని పెట్టి బిల్డ్ చేస్తే, ఫంక్షన్‌లో ఉన్న పారామీటర్ గురించి వ్యాఖ్యలో రాయకపోయినా, ఫంక్షన్‌లో లేనిదాని గురించి రాసినా హెచ్చరిక వస్తుంది. లేని ఫైళ్ళ పేర్లు కాగితాల్లో మిగిలిపోతే పట్టుకునే స్క్రిప్ట్ వేరే ఉంది. మన ల్యాప్‌టాప్‌లో సిస్ఎఫ్ఎస్ కింద కనిపించే ఫైళ్ళలో ఏవి ఏబీఐ కాగితాల్లో లేవో చెప్పే పనిముట్టూ ఉంది.

ఇవన్నీ ఉన్నా మనిషి పని మిగిలే ఉంటుంది. పారామీటర్ గురించి రాశారా లేదా అన్నదే మెషీన్ చెప్పగలదు. రాసింది నిజమా కాదా అన్నది చెప్పలేదు.

దీనికి మా సొంత పనిలోంచే ఒకటి. ఒక డ్రైవర్‌లో "టైమవుట్" అనే పారామీటర్ ఉంది. పైన వ్యాఖ్యలో అది మిల్లీ సెకన్లలో అని రాశారు. ఏ హెచ్చరికా రాదు, ఎందుకంటే దాని గురించి రాసే ఉంది కదా. మాలో ఉట్నూరు మిత్రుడు కోడ్ చదువుతూ ఆగాడు. ఆ విలువను నేరుగా జిఫీలు అడిగే ఫంక్షన్‌కి ఇస్తున్నారు. జిఫీ అంటే కెర్నల్ గడియారం ఒక్కసారి టిక్‌మనడం. సెకనుకి ఎన్ని టిక్కులో కెర్నల్ బిల్డ్ చేసేటప్పుడు ఎంచుకుంటారు: 100, 250, 300 లేదా 1000. ఎంపిక 1000 అయితే జిఫీ, మిల్లీ సెకను ఒకటే, తేడా ఎవరికీ కనిపించదు. అదే 100 అయితే ఒక్కో జిఫీ 10 మిల్లీ సెకన్లు. సగం సెకను అనుకుని 500 ఇచ్చినవాడి డ్రైవర్ అయిదు సెకన్లు ఎదురుచూస్తుంది.

ఇప్పుడు తప్పు కాగితానిదా, కోడ్‌దా? ఇక్కడే నాలుగు సాయంత్రాలు పట్టింది. ఆ ఫంక్షన్‌ని పిలిచే చోట్లన్నీ వెతికాడు. అన్ని చోట్లా మిల్లీ సెకన్లను జిఫీల్లోకి మార్చి ఇస్తున్నారు. అంటే వాడేవాళ్ళందరికీ నిజం తెలుసు, కాగితం ఒక్కటే పాత మాట చెప్తోంది. గిట్ చరిత్ర చూస్తే ఒకప్పుడు ఆ మార్పిడి ఫంక్షన్ లోపలే జరిగేది. తర్వాత ఎవరో దాన్ని బయటికి తెచ్చారు, వ్యాఖ్య మాత్రం అలాగే ఉండిపోయింది. కాబట్టి దిద్దాల్సింది వ్యాఖ్యే. పిలిచేవాళ్ళు ఉత్త మిల్లీ సెకన్లు ఇస్తూ ఉంటే మాత్రం తప్పు కోడ్‌ది అయ్యేది, అప్పుడు కాగితం మారిస్తే ఉన్న తప్పుని కప్పిపెట్టినట్టయ్యేది. ప్యాచ్‌లో మారింది ఒకే ఒక్క లైన్. కానీ దాని కింద రాసిన వివరణ పద్నాలుగు లైన్లు. మెయింటెయినర్ సబ్జెక్ట్ లైన్ కొంచెం మార్చమన్నారు, రెండోసారి పంపితే తీసుకున్నారు.

మేం దీని నుంచి పెట్టుకున్న పద్ధతి ఇది. కెర్నల్ లోపలి ఫంక్షన్లు అయితే ఎప్పుడైనా మారొచ్చు, అలాగే ఉంచుతామని ఎవరూ మాట ఇవ్వలేదు. అక్కడ మామూలుగా కోడ్ వెనక కాగితం నడవాలి. బయటి ప్రోగ్రాములు వాడే ఫైళ్ళు అలా కాదు. అక్కడ కాగితం అంటే ఇచ్చిన మాట. ఏబీఐ స్టేబుల్ అరలో ఉన్నవాటికి కనీసం రెండేళ్ళు పాత పద్ధతి పనిచేస్తుందని రాసే ఉంది. వాడుకునేవాళ్ళ ప్రోగ్రాములు చెడగొట్టకూడదన్నది కెర్నల్‌లో మొదటి నుంచీ టోర్వాల్డ్స్ పట్టుబట్టే నియమం. రేపు ఎవరైనా టెంప్1_ఇన్‌పుట్‌లో 31500 బదులు 31 వచ్చేలా కోడ్ మారిస్తే, కాగితాన్ని దానికి తగ్గట్టు దిద్దడం సరిచెయ్యడం కాదు. కోడే వెనక్కి రావాలి. ఇంకా అనుమానం ఉంటే మూడో సాక్షి ఉంది, చిప్ తయారుచేసినవాళ్ళ డేటాషీట్.

కొందరు అన్నలు మమ్మల్ని అడిగారు, "డాక్యుమెంటేషన్ దిద్దితే ఏం వస్తుంది రా, కోడ్ రాయండి" అని. కోడ్ కూడా రాస్తాం. అయితే ఒక డ్రైవర్ కాగితం దిద్దాలంటే ఆ డ్రైవర్ మొత్తం చదవాలి, దాని పాత మార్పులన్నీ చూడాలి, పిలిచే చోట్లన్నీ వెతకాలి. రెండేళ్ళలో మేం చదివినంత కోడ్ నాలుగేళ్ళ క్లాసుల్లో చదవలేదు. ఖరీదైన సామాను అవసరం లేదు. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ చాలు. ఎవరి సిఫారసూ అక్కర్లేదు.

ఇంకొకటి, చిన్నదే అయినా మాకు పెద్దది. ప్రతి ప్యాచ్ కింద సైన్డ్-ఆఫ్-బై అని మన పేరు పెట్టాలి. పేరు లేకుండా పంపడానికి ఒప్పుకోరు. మన పేర్లు ఎంతమందివి సర్టిఫికెట్లలో తప్పుగా పడ్డాయో తెలుసు కదా. బడిలో చేర్చుకున్నప్పుడు ఒక సారు చెవికి ఎలా వినపడితే అలా రాశారు, ఆధార్‌లో ఇంకోలా, కుల ధృవీకరణ పత్రంలో మరోలా. ఇక్కడ మన ఇంటిపేరు ఎలా రాయాలో మనమే రాసుకున్నాం. అది కెర్నల్ చరిత్రలో అలాగే ఉంటుంది. చింతూరు మిత్రుడు తన మొదటి ప్యాచ్ చేరిన రోజు వాళ్ళ అమ్మకి ఫోన్ చేసి, "మన ఇంటిపేరు సరిగ్గా రాశానమ్మా" అన్నాడు. ఆమెకు కెర్నల్ ఏంటో తెలియదు. ఇంటిపేరు సంగతి మాత్రం అర్థమైంది.

తెలుగులోకి అనువాదం చెయ్యొచ్చు కదా అని కూడా అడుగుతున్నారు. కెర్నల్ సోర్స్‌లోనే చైనీస్, జపనీస్, కొరియన్, ఇటాలియన్, స్పానిష్ అనువాదాలు ఉన్నాయి. తెలుగు లేదు, మన గోండి, కోయ సంగతి చెప్పనే అక్కర్లేదు. మాకూ ఆశ ఉంది. కానీ అనువాదం అంటే ఇంకో కాగితం పెంచడం. అసలు మారిన ప్రతిసారీ అది కూడా మారాలి. చైనీస్ అనువాదకులు ఇంగ్లీష్ కాగితం ఏ మార్పు దాకా అనువదించారో ప్యాచ్‌లో రాస్తుంటారు, అసలు ఎంత ముందుకు పోయిందో చూసే స్క్రిప్ట్ కూడా ఉంది. అంత కాపలా కాసే మనుషులు ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. ముగ్గురం సరిపోం. పదిమంది అయితే ఆలోచిద్దాం.

చెయ్యాలనుకున్నవాళ్ళకి మా సలహాలు:

1. కెర్నల్ సోర్స్ చరిత్రతో సహా దించుకోండి. కొన్ని జీబీలు అవుతుంది కాబట్టి కాలేజీ వైఫైలో ఒకరు దించుకుని పెన్‌డ్రైవ్‌లో మిగతావాళ్ళకి ఇవ్వండి. చరిత్ర లేకపోతే ఏది ముందు మారిందో తెలియదు.

2. అన్ని డ్రైవర్లూ పట్టుకోకండి. మీ దగ్గర చిప్ ఉన్న ఒక్క డ్రైవర్ తీసుకోండి. ఎల్ఎమ్75 లాంటి చిన్నది మంచిది.

3. కాగితం, కోడ్ పక్కపక్కన పెట్టి చదవండి. పేర్లు, యూనిట్లు, ఫంక్షన్ తిరిగి ఇచ్చే విలువలు, ఈ మూడూ ముందు చూడండి. తేడాలు మాకు ఎక్కువగా అక్కడే దొరికాయి.

4. తేడా కనిపిస్తే గిట్ లాగ్‌లో రెండు తేదీలు రాసుకోండి: కాగితంలో ఆ లైన్ చివరగా మారిన తేదీ, కోడ్‌లో ఆ భాగం మారిన తేదీ. సగం జవాబు అక్కడే తెలుస్తుంది.

5. మెయింటెయినర్ ఎవరో చెప్పే స్క్రిప్ట్ సోర్స్‌లోనే ఉంది. ప్యాచ్ మామూలు టెక్స్ట్ మెయిల్‌గా పంపండి. జవాబు ఒక వారం రాకపోయినా కంగారుపడొద్దు. ఇంగ్లీష్ గొప్పగా ఉండక్కర్లేదు. ఏం చూశారు, ఎందుకు తప్పనుకుంటున్నారు అన్నది చిన్న వాక్యాల్లో రాస్తే చాలు.

కంప్యూటర్ చదవని మిత్రులకు ఒక మాట. మన గ్రూపులోనే చూడండి. స్కాలర్‌షిప్‌కి ఏ కాగితాలు కావాలో రాసిన పాత పోస్టు ఒకటి ప్రతి ఏడాదీ మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. నియమాలు మారాయి, పోస్టు మారలేదు, దాని మీద తేదీ కూడా లేదు. ఊరి నుంచి మొదటిసారి కాలేజీకి వచ్చిన చెల్లి దాన్ని నమ్మి, అక్కర్లేని సర్టిఫికెట్ కోసం మండల ఆఫీసు చుట్టూ తిరిగి కూలి డబ్బులు పోగొట్టుకుంటుంది. ఇది కూడా మేం పైన చెప్పిన పనే. అడ్మిన్ అన్నలకు, అక్కలకు మా విన్నపం: సమాచారం పెట్టే ప్రతి పోస్టు మీద తేదీ, ఏ సంవత్సరం నియమాలో రాయించండి. మారినప్పుడు పాతదాని పైన "ఇది ఇప్పుడు చెల్లదు" అని ఒక్క లైన్ పెట్టండి. తీసెయ్యొద్దు, కెర్నల్ వాళ్ళ లాగా "కాలం చెల్లినవి" అరలో ఉంచండి. పాత పోస్టు చేతికి వచ్చినవాళ్ళకి కొత్తది ఎక్కడుందో అక్కడే తెలియాలి.

డ్రైవర్ల పని నేర్చుకోవాలనుకునేవాళ్ళు కింద మీ కోర్సు, ఏ సంవత్సరమో రాయండి. వచ్చే సెలవుల్లో పాడేరులో గానీ ఉట్నూరులో గానీ రెండు రోజులు కూర్చుని కలిసి చదువుదాం. బోర్డులు మేం తెస్తాం. ఈ పోస్టులో మేం రాసింది ఏదైనా కొత్త వెర్షన్‌లో మారిపోయి ఉంటే అది కూడా చెప్పండి, వెంటనే దిద్దుతాం.

జోహార్.